417 ఏ చివర ఆగుతుంది?

ఆ పూట టైలరమ్మ కటింగ్ బల్ల మీద ఒక్క గుడ్డముక్క లేదు. రైళ్లున్నాయి. నిజం రైళ్లు కావు లెండి, దారపు కండెలు. ఎర్ర కండెలు ఒక లైను, పచ్చ కండెలు ఇంకో లైను, మధ్యలో గుండుసూదుల డబ్బా డిపో. చుట్టూ ముగ్గురు పెద్దమనుషులు చేరి ఇల్లు పీకి పందిరేస్తున్నారు.

"ఆఖరి రోజు పాత పెట్టెలన్నీ పచ్చ లైనుకి పంపేస్తారండీ! రాసిపెట్టుకోండి!" అని మందుల షాపాయన బల్ల గుద్దాడు. నాలుగు ఎర్ర కండెలు దొర్లి కిందపడ్డాయి.

"మీ రైలు పట్టాలు తప్పింది, ముందు ఎత్తండి," అన్నారు మాస్టారు. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లు పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న నోరు, ఇప్పుడు ఏ పెట్టె ఏ రోజు ఏ లైనులో తిరిగిందో ఎక్కంలాగే అప్పజెబుతుంది. మూడో మనిషి ఆసుపత్రి నర్సు. మెడలో ఎప్పుడూ కెమెరా వేలాడుతుంది కాబట్టి అందరూ కెమెరా నర్సు అంటారు. ఈ ముగ్గురికీ రైళ్ల పిచ్చి. మనం చుట్టాల పిల్లల పేర్లు తడుముకుంటాం చూడండి, వీళ్లు మెట్రో పెట్టెల నంబర్లు తడుముకోరు.

టైలరమ్మ దుకాణం నేల కింది మెట్రో స్టేషనుకు దిగే మెట్ల పక్కనే ఉంది. కింద రైలు వెళ్లినప్పుడల్లా డబ్బాలో గుండుసూదులు గలగలలాడతాయి. ఇరవై రెండేళ్లుగా ఆ చప్పుడు వింటూ కుడుతున్నా ఆమెకు రైళ్ల మీద వీసమెత్తు మోజు పుట్టలేదు. నాలుగు నెలల కిందట మాస్టారు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చారు. అదే వేళకు మందులాయన జిప్పు తెగిన సంచీ పట్టుకొచ్చాడు. మాటా మాటా కలిసింది, వాదన ముదిరింది, ఆ ప్యాంటు తయారై వారమైనా వాదన మాత్రం తేలలేదు. అప్పట్నుంచి దుకాణం వాళ్ల అడ్డా అయింది.

వేరే వాళ్లయితే టైలరమ్మ ఎప్పుడో గజం బద్ద తీసి తరిమేసేది. వీళ్లను ఊరుకోవడానికి కారణం పరదా వెనక ఉంది.

దుకాణం వెనక పరదా, పరదా వెనక గది, గదిలో మంచం, మంచం మీద అత్తగారు. డెబ్భై నాలుగేళ్లు. మోకాలికి ఆపరేషనై ఐదు నెలలు. గది దాటి బయటికి రాలేదు. రిటైరయ్యే దాకా ఇరవై ఆరేళ్లు ఇదే మెట్రోలో గార్డు. రైలు చివరి పెట్టెలో నిలబడి, స్టేషను రాగానే తలుపులు తెరిచి, ఇరవై ఐదు సెకన్లు లెక్కపెట్టి మూసేసే ఉద్యోగం. ఇరవై ఆరు కాదు, ఇరవై నాలుగు కాదు. ఆవిణ్ని లైనులో అందరూ టంచనమ్మ అనేవారు. పరిగెత్తుకొచ్చేవాళ్లు అరిచి గీపెట్టినా, ఆఫీసరొచ్చినా, చుట్టమొచ్చినా, ఇరవై ఐదు అయిందంటే తలుపు పడిందన్నమాటే.

చుట్టమంటే గుర్తొచ్చింది. టైలరమ్మ కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో పెద్ద బట్టల కంపెనీలో పని దొరికింది. మొదటి రోజు, చంకలో నీలం సంచీతో, మెట్లు రెండేసి చొప్పున దిగుతూ పరిగెత్తుకొచ్చింది. తలుపు ఇంకో ముప్పై అడుగుల దూరంలో ఉందనగా ధనామని మూసుకుంది. వెనక పెట్టె కిటికీలోంచి టోపీ పెట్టుకుని ఎవరు చూస్తున్నారయ్యా అంటే, సాక్షాత్తూ అత్తగారు! తరవాతి రైల్లో వెళ్లేసరికి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆ కోపంతోనే టైలరమ్మ సొంతంగా ఈ మిషను పెట్టుకుంది. "నన్ను చూసి కూడా వేసేశారు కదా అత్తయ్యా," అని ఇరవై రెండేళ్లుగా దెప్పుతూనే ఉంది. "నేను చూడలేదే," అని ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఒకటే మాట.

అలాంటి మనిషి, మొన్న ఆదివారం, ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, అడిగింది.

"అమ్మాయ్, గురువారంతో పాత రైళ్లు ఆఖరట. 417 కూడా పోతోందట. నన్ను ఒక్కసారి దాంట్లో ఎక్కించవే."

417 ఆవిడ పెట్టె. ఉద్యోగంలో చేరిన రోజు ఎక్కింది అందులో, దిగిపోయిన రోజు దిగింది అందులోంచే. గురువారం మూడు ట్రిప్పులు తిరిగి అది నేరుగా తుక్కు కింద పోతుంది. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వేరే నర్సు వచ్చి మోకాలి కట్టు మార్చాలి కాబట్టి మొదటి రెండు ట్రిప్పులూ అందవు. మిగిలింది మూడోది ఒక్కటే. ఒక్క రైలు, ఇరవై ఐదు సెకన్లు, చక్రాల కుర్చీలో అత్తగారు. తప్పితే మళ్లీ లేదు. అందుకే బల్ల మీద కోటు కుట్టడం మానేసి కండెలు పరిచింది.

"మీ పచ్చ లైను గోల ఆపి, అసలు ఆ రైలు మన లైనులో వస్తుందా రాదా, అది తేల్చండి ముందు," అంది.

"రాదు! పచ్చ లైనే!" అన్నాడు మందులాయన.

"వస్తుంది! ఎర్ర లైనే!" అన్నారు మాస్టారు.

పరదా వెనక నుంచి గొంతు ఖంగున మోగింది. "పచ్చ లైనులో ఏడో స్టేషను దాటాక మలుపుంది. పాత పెట్టెల మెట్టు అక్కడ గోడకి రాసుకుంటుంది. నేనుండగా ఒకసారి పంపారు, మెట్టు ఊడొచ్చింది. మళ్లీ ఎవడూ పంపడు."

మందులాయన తన పచ్చ కండెలు పక్కకు జరిపేశాడు. తల తీసి మొలేసినట్టయింది పాపం. మాస్టారు మాత్రం పరదా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. కెమెరా నర్సు పకపకా నవ్వి, కిందపడిన ఎర్ర కండెలు ఏరి లైను మీద పెట్టింది.

లైను తేలింది. ఇంకో చిక్కు వచ్చిపడింది. 417 ఏ చివర ఆగుతుంది?

మామూలుగా అయితే చిక్కే లేదు. డిపో వైపు నుంచి నది వైపు వెళ్లే రైల్లో 417 అన్నిటికన్నా వెనక ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద లిఫ్టు కూడా ఆ వెనక కొసనే దిగుతుంది. లిఫ్టులోంచి కుర్చీ తోస్తే నేరుగా 417లోకే. కానీ ఈ నెల డిపో చివరి స్టేషనులో పట్టాలు మారుస్తున్నారు. రైళ్లు అక్కడ ఆగి వెనక్కి రావడం లేదు. డిపో వెనకున్న గుండ్రటి పట్టా మీద చుట్టు తిరిగి వస్తున్నాయి.

"తిరిగొస్తే ఏమైంది? రైలు రైలే కదా!" అన్నాడు మందులాయన.

టైలరమ్మ మెడలోంచి కొలత టేపు తీసింది. "ఇదిగో, ఒకటో అంగుళం ఉన్న కొస 417 అనుకోండి," అని టేపును గుండుసూదుల డబ్బా దాకా జరిపి, మళ్లీ అలాగే వెనక్కి లాగింది. "ఇది మామూలు పద్ధతి. వెళ్లేటప్పుడు ఒకటో అంగుళం ముందుంది, వచ్చేటప్పుడు వెనకైంది. అవునా?" ఈసారి టేపును డబ్బా చుట్టూ తిప్పి తెచ్చింది. "ఇప్పుడు చూడండి. వెళ్లేటప్పుడూ ఒకటో అంగుళమే ముందు, వచ్చేటప్పుడూ అదే ముందు!"

ముగ్గురూ వంగి చూశారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. "అమ్మా! నలభై ఏళ్లు చెప్పాను గానీ ఇంత తేలిగ్గా చెప్పలేదమ్మా నేను! పొద్దున్న మామూలు వరసలోనే బయల్దేరుతుంది, నది కొసన ఎప్పటిలాగే వెనక్కి మళ్లుతుంది, కాబట్టి ఒక చుట్టు తిరిగితే 417 ముందుకొస్తుంది. రెండో చుట్టుకి మళ్లీ వెనక్కి. మూడో చుట్టుకి మళ్లీ ముందుకి. మనది మూడో ట్రిప్పు!"

"అంటే ముందు కొస! లిఫ్టుకి అవతలి కొస!" అని కెమెరా నర్సు ఎగిరి గంతేసింది. "ముందే అక్కడికి తోసుకెళ్లి నిలబెట్టాలి."

"నా 417 వెనకే ఉంటుంది," అంది పరదా.

"అది పాత లెక్క అత్తయ్యా. ఇప్పుడు చుట్టు తిరుగుతోంది."

"ఏ చుట్టైనా తిరగనీ. గార్డు వెనకుంటుంది, 417 వెనకుంటుంది."

అత్తగారు పట్టిన పట్టు విడిచే రకం కాదు. కోడలు మాత్రం తక్కువ తిందా? ఇరవై రెండేళ్లలో మొదటిసారి రైళ్ల విషయంలో అత్తగారి మీద పైచెయ్యి అయింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా టేపు మెడలోంచి తియ్యలేదు.

గురువారం వచ్చింది. మందులాయన షాపులోంచి చక్రాల కుర్చీ తెచ్చాడు, చక్రాలకు నూనె కూడా వేయించాడు. అత్తగారు ఉతికిన బట్టలు కట్టుకుని, పెట్టెలోంచి పాత గార్డు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తలకు మాత్రం పెట్టుకోలేదు. డ్యూటీలో లేనప్పుడు పెట్టుకోకూడదట. ఐదు నెలల తరవాత వెలుతురు చూసి కళ్లు చికిలించుకుంది. లిఫ్టు తలుపు తెరుచుకుని స్టేషను గాలి మొహానికి కొట్టగానే మాత్రం ముక్కుపుటాలు అదిరాయి. "బ్రేకు వాసన," అంది. ఆ మాటన్నప్పుడు ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

ప్లాట్‌ఫాం కిటకిటలాడుతోంది. ఊళ్లో ఉన్న రైలు పిచ్చోళ్లంతా అక్కడే ఉన్నారు. కెమెరాలు, నిచ్చెనలు, చేతుల్లో చీటీలు. లిఫ్టు దగ్గర కొసన ఒక గుంపు, అవతలి కొసన ఒక గుంపు. 417 ముందా వెనకా అని రెండు గుంపులూ అరుచుకుంటున్నాయి. టైలరమ్మ తల ఎగరేసి, వాళ్ల మధ్య నుంచి కుర్చీ తోసుకుంటూ, ఎనిమిది పెట్టెల పొడుగూ దాటి ముందు కొసకు తీసుకెళ్లి బ్రేకు వేసింది. వెనక మాస్టారు, మందులాయన. కెమెరా నర్సు డిపో దగ్గరి స్టేషనులో కాపు వేసింది, రైలు బయల్దేరగానే ఫోను చేస్తుంది.

"పొరపాటు చేస్తున్నావే అమ్మాయ్," అంది అత్తగారు.

"చూద్దురు గానీ ఉండండి."

పదకొండు ముప్పై ఎనిమిది. మాస్టారి ఫోను మోగింది. కెమెరా నర్సు గొంతు ముక్కలుముక్కలుగా వినబడుతోంది. "మాస్టారూ... బయల్దేరింది... జనం అడ్డమొచ్చి నంబరు కనబడలేదు... ఇంకో మాట... రెండో ట్రిప్పు... సిగ్నలు పాడై... సగం దారిలోనే వెనక్కి తిప్పేశారట... ఇప్పుడే తెలిసింది..."

"సగం దారిలోనా? అయితే చుట్టు తిరగలేదా?"

"తిరగలేదు!"

మాస్టారు గబగబా వేళ్లు మడిచారు. "ఒకటో ట్రిప్పు ఒక చుట్టు. రెండోది సున్నా. మూడోది ఒక చుట్టు. మొత్తం రెండే. రెండు చుట్లంటే..."

"వెనక!" అన్నాడు మందులాయన.

సొరంగంలోంచి గాలి తోసుకొచ్చింది. చీటీలు ఎగిరాయి. పట్టాలు గునగునమన్నాయి. దూరంగా రెండు దీపాలు కనబడ్డాయి.

"నేను చెప్పలా?" అంది అత్తగారు.

ఇంకేముంది, కుర్చీ గిర్రున తిరిగింది. టైలరమ్మ ఒక పిడి పట్టుకుంది, మందులాయన ఒక పిడి పట్టుకున్నాడు, మాస్టారు ముందు పరిగెత్తుతూ "తప్పుకోండి! తప్పుకోండి! గార్డమ్మ వస్తోంది!" అని క్లాసులో అరిచినట్టు అరిచారు. జనం రెండు పాయలుగా విడిపోయారు. పక్క నుంచి రైలు ఎదురొచ్చి దాటిపోతోంది. ఒకటో పెట్టె, రెండోది, మూడోది, కిటికీల్లో మొహాలన్నీ గీతల్లా సాగిపోతున్నాయి. బ్రేకులు కీచుమన్నాయి. ఎవరో "417 వెనకుంది రోయ్!" అని కేకేశారు. లిఫ్టు కొస గుంపు హోరుమంది. తలుపులు తెరుచుకున్నాయి, వీళ్లింకా మూడు పెట్టెల దూరంలోనే ఉన్నారు.

అత్తగారు బయటికే లెక్కపెట్టడం మొదలెట్టింది. "పది. పదకొండు. పన్నెండు."

"తొయ్యండి! తొయ్యండి!" టైలరమ్మకు ఊపిరందడం లేదు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది.

"ఇరవై రెండు. ఇరవై మూడు."

వెనక పెట్టె కిటికీలోంచి టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతి తల బయటపెట్టి వీళ్ల వైపే చూస్తోంది.

"ఇరవై ఐదు! వేసెయ్యమ్మా తలుపులు!" అని అత్తగారు కుర్చీలోంచి చెయ్యెత్తి కేక పెట్టింది. "టైమైంది! మా కోసం ఆపకు! వేసెయ్!"

"నోర్మూసుకోండి అత్తయ్యా!" అంది కోడలు.

పెళ్లై ఇన్నేళ్లలో ఆ మాట మనసులో ఎన్నిసార్లనుకుందో గానీ, పైకి అనడం అదే మొదటిసారి. అత్తగారు నిజంగానే నోరు మూసుకుంది. గార్డమ్మాయి తలుపు మూయలేదు. మాస్టారు కుర్చీ ముందు చక్రాలెత్తారు, లోపల నిలబడ్డ వాళ్లెవరో అందుకున్నారు, కుర్చీ ధడేల్‌మని 417లో పడింది. వెనకే మిగతా ముగ్గురూ ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. పెట్టె పెట్టంతా చప్పట్లు కొట్టింది. మందులాయన ఆయాసంతో నేల మీదే చతికిలబడి, ఎందుకో తెలియకుండా ఏడుస్తూ నవ్వాడు.

అత్తగారు చేత్తో గోడ తడిమింది. పాత పసుపురంగు పెయింటు, అరిగిన ఇనప కమ్మీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు గానీ, నోరు మాత్రం ఊరుకోలేదు. గార్డు గది సగం తలుపు మీదుగా చూస్తున్న అమ్మాయి మీద నిప్పులు చెరిగింది.

"ముప్పై ఎనిమిది సెకన్లు ఆపావు. ఎవరు నేర్పారు నీకు ఉద్యోగం?"

"మీ దగ్గర నేర్చుకున్నావిడేనండీ," అంది గార్డమ్మాయి నవ్వుతూ. "ఒళ్లో టోపీ చూసి పోల్చుకున్నాను. టంచనమ్మగారు కదూ? మీ కథలు వినీ వినీ మా బ్యాచ్ అంతా హడలి చచ్చాం." తరవాత సగం తలుపు తీసింది. "ఒక్క స్టేషను మీరు వెయ్యండి తలుపులు. ఆఖరి రోజు కదా."

"రూలు ఒప్పుకోదు."

"చెయ్యి మీది, పూచీ నాది. నేను పక్కనే నిలబడతాను."

అత్తగారు కోడలి వైపు చూసింది. టైలరమ్మ ఆవిడ ఒళ్లోంచి టోపీ తీసి తలకు పెట్టింది. కుర్చీ గార్డు గదిలోకి తోసింది. చూడకుండానే అత్తగారి బొటనవేలు తలుపుల మీట మీదికి వెళ్లింది.

తరవాతి స్టేషను వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్లు దిగారు, ఎక్కేవాళ్లు ఎక్కారు. అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టి లెక్కపెడుతోంది. "ఇరవై ఒకటి. ఇరవై రెండు." అంతలో మెట్ల మీద టకటకమని అడుగుల చప్పుడు. ఎవరో అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, చంకలో సంచీ నొక్కిపెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది.

"ఇరవై నాలుగు. ఇరవై ఐదు."

బొటనవేలు కదల్లేదు.

"ఇరవై ఆరు," అంది అత్తగారు. ఆ అంకె ఆవిడ నోట ఎన్నడూ రాలేదు కాబోలు, కొంచెం తడబడింది. "ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. రా అమ్మా, రా. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి."

అమ్మాయి ఎక్కేసింది. తన కోసం ఎవరు ఆపారో ఏమిటో తనకు తెలియదు, చెమట తుడుచుకుంటూ కూర్చుంది. అత్తగారు మీట నొక్కింది. తలుపులు మూసుకుని రైలు కదిలింది. సొరంగంలో చీకటి పడ్డాక, కిటికీ వైపే చూస్తూ మెల్లిగా అంది.

"ఆ రోజు నిన్ను చూశానే అమ్మాయ్."

టైలరమ్మ గిరుక్కున తిరిగింది. "చూశారా? చూడలేదు, చూడలేదని ఇరవై రెండేళ్లు..."

"నీలం సంచీ. మెట్టు మీద తూలావు కూడా. చూసి మరీ వేశాను. ఇరవై ఐదు అయిపోయింది మరి." అత్తగారు టోపీ అంచు తడిమింది. "ఇంకో ఆరు సెకన్లు ఆపితే ఎక్కేదానివి. ఆ ఆరూ ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉంటాను, పడుకునే ముందు."

టైలరమ్మ దగ్గర ఇరవై రెండేళ్లుగా దాచుకున్న జవాబులు ఎన్నో ఉన్నాయి. అవన్నీ వదిలేసి వంగి, జారిన టోపీని సర్దింది. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. దాని కొసతో అత్తగారి కళ్లు తుడవబోతే, ఆవిడ చెయ్యి విదిలించింది. "ఊరుకోవే, స్టేషనొస్తోంది. ఇది కూడా నేనే వెయ్యనా అమ్మా?" అని గార్డమ్మాయిని అడిగింది.

"వెయ్యండి," అంది ఆ అమ్మాయి.

తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి మెట్ల మీద ఎవరూ పరిగెత్తుకు రాలేదు. అత్తగారు, కోడలు ఇద్దరూ కిటికీలోంచి తలలు బయటపెట్టి, ఎవరైనా వస్తారేమోనని మెట్ల వైపు చూస్తూ, కలిసి ఇరవై ఐదు దాకా లెక్కపెట్టారు. అప్పుడు అత్తగారు టంచనుగా తలుపులు వేసింది.